గడ్డం, మీసం చూసి ముచ్చటపడుతున్నారా..? ఈ వేట కుక్క ఒంటి మీద ఉన్నది మామూలు బొచ్చు కాదు!

గుబురు కనుబొమ్మలు, ముసలాయన గడ్డం, ఒంటినిండా గరుకు వెంట్రుకలు.. వీడియోల్లో ఈ కుక్కను చూస్తే ‘పాపం, స్నానం చేయించి ఎన్నాళ్లయిందో’ అనిపిస్తుంది. కానీ ఆ అవతారమే దీని ఆస్తి. పేరు జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్. సొంతగడ్డ జర్మనీలో డ్రాట్‌హార్ అంటారు. అంటే తీగలాంటి వెంట్రుకలు అని అర్థం.

పొదల్లో పిట్ట వాసన పట్టి కదలకుండా నిలబడి చూపించాలి, నీళ్లలో పడిన బాతును ఈదుకెళ్లి తేవాలి, గాయపడిన జింక జాడ వెతకాలి. ఇవన్నీ ఒకే కుక్క చేయాలన్నది అక్కడి వేటగాళ్ల కోరిక. అందుకే గ్రిఫాన్, పుడెల్‌పాయింటర్, షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ లాంటి జాతులను కలిపి దీన్ని తయారు చేశారు. 1902లో దీనికంటూ ఓ క్లబ్ కూడా పెట్టుకున్నారు.

ఇక అసలు విషయం బొచ్చు. ఇది రెండు పొరలు. పైన 2 నుంచి 4 సెంటీమీటర్ల పొడవుతో బిరుసు వెంట్రుకలు, ఒంటికి అతుక్కున్నట్టు ఉంటాయి. ముళ్లు గుచ్చుకోవు, నీళ్లు జారిపోతాయి. కింద మెత్తటి దట్టమైన పొర. చలికాలంలో ఒత్తుగా పెరుగుతుంది, ఎండాకాలంలో బాగా పలచబడుతుంది. ముళ్లపొదల్లో దూరినప్పుడు కళ్లకు, మూతికి కాపలా ఆ కనుబొమ్మలు, గడ్డమే.

ఇంకో ముచ్చట. 2009లో వచ్చిన ఓ జన్యు అధ్యయనంలో కుక్కల్లో ఈ మీసం, కనుబొమ్మలకు ఆర్‌ఎస్‌పీఓ2 అనే జన్యువులోని మార్పే కారణమని తేలింది. బిరుసు బొచ్చుతో కూడా దానికి సంబంధం ఉంది. అందుకే ఈ రెండూ జోడీగా కనిపిస్తాయి.

మగవి 61-68, ఆడవి 57-64 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. లోతైన ఛాతీ, వేలాడే చెవులు, గోధుమ రంగు కళ్లు. కాలివేళ్ల మధ్య చర్మం ఉండటంతో ఈతలో దిట్ట. రంగు ఎక్కువగా ముదురు గోధుమ, తెలుపు కలగలిసి ఉంటుంది.

చూడ్డానికి బాగుందని తెచ్చేసుకుంటే మాత్రం తిప్పలే. గంటల తరబడి పరుగెత్తడానికి పుట్టిన కుక్క ఇది. అపార్ట్‌మెంట్‌లో కట్టేస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. పైగా చలిదేశపు బొచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం బయటికి తిప్పితే వడదెబ్బ ప్రమాదం. తెల్లవారుజామున, పొద్దుగూకాక తిప్పాల్సిందే.

చాలామంది చేసే పని ఇంకోటుంది. వేడి తగ్గుతుందని మెషీన్‌తో బొచ్చు మొత్తం గీయించేస్తారు. అప్పుడు ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. పదేపదే గీయిస్తే బొచ్చు బిరుసు పోయి మెత్తబడుతుంది, చిక్కులు పడుతుంది. దీనికి వేరే పద్ధతి ఉంది. ముదిరి ఊడటానికి సిద్ధంగా ఉన్న వెంట్రుకలను చేత్తో మెల్లగా లాగేస్తారు. తెలిసినవాళ్లు చేస్తే కుక్కకు పెద్దగా నొప్పి ఉండదు. మిగతా రోజుల్లో వారానికోసారి దువ్వితే చాలు, తిన్నాక గడ్డం మాత్రం తుడవాలి.