జ్ఞానదంతము తీయించుకొన్న పిదప వచ్చు వాపు: గంజాం తెలుగువారికి కొన్ని విషయములు

మానవుని నోట అన్నిటికంటె కడపట మొలచు దవడపంటికి జ్ఞానదంతమని పేరు. సామాన్యముగా 17వ ఏటి నుండి 25వ ఏటి లోపల ఇది పైకి వచ్చును. లాటిను వైద్యులు దీనిని వివేకదంతమనిరి. హిందీవారు అక్కల్ దాఢ్ అందురు. పేరు ఎంత ఘనమైనదో మొలచు తీరు అంత వక్రము. దవడలో చోటు చాలక అడ్డముగా పడుకొని, ముందరి పంటిని త్రోయుచు, చిగురు క్రింద చీము పట్టించి, తుదకు వైద్యుని కత్తికి పాలగును.

బరంపురమున 1962లో స్థాపితమైన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల మొదలు వీధివీధి దంతవైద్యశాలల వరకు ఈ చికిత్స నేడు సుపరిచితమే. పంటిని తీయుట వైద్యుని పని. తీసిన తరువాతి వారము దినములు ఇంటివారి పని. చిక్కులు పుట్టునది ఇక్కడనే.

మొదట వాపు ఏల వచ్చునో తెలిసికొనవలెను. అడ్డముగా నున్న పంటిని తీయుటకు చిగురును కోసి, ఒక్కొక్కప్పుడు చుట్టునున్న ఎముకను కొంత తొలగింతురు. గాయపడిన చోటికి రక్తప్రసారము హెచ్చును. సూక్ష్మనాళముల గోడలు వదులై, వానినుండి ద్రవము చుట్టుప్రక్కల కణజాలములోనికి ఊరును. చెక్కిలి ఉబ్బుట ఇందువలననే. ఇది శరీరము తన్ను తాను బాగుచేసికొను విధానమే గాని వైద్యుని దోషము కాదు. ఈ వాపు చికిత్స జరిగిన నాటికంటె రెండవ, మూడవ దినములలో హెచ్చుగా నుండి, పిమ్మట తగ్గుచు, వారము దినములలో చాలవరకు పోవును. నోరు పూర్తిగా తెరువలేకపోవుటయు ఆ దినములలో సహజమే. ఈ లెక్క తెలియక మూడవనాడు అద్దము చూచుకొని బెంబేలుపడువారు పెక్కుమంది. మన జిల్లానుండి సూరతు మగ్గముల పనికి పోవు యువకులు సెలవులో పన్ను తీయించుకొని మరునాడే రైలెక్కుట కూడ కద్దు. వాపు పొంగువేళకు వారు మార్గమధ్యమున నుందురు. కనీసము నాలుగైదు దినములు మిగుల్చుకొని ఈ పనికి పూనుకొనుట మేలు.

ఇక మన ప్రాంతమునకే చెందిన ఒక చిక్కు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా గంజాం మద్రాసు రాజధాని నుండి విడివడి అందు చేరినది. నాటినుండి ఆసుపత్రిలో మనకు వినబడు మాట తరచుగా ఒడియా, చేతికిచ్చు చీటి ఇంగ్లీషు. ఒడియాలో ‘సెక’ యనగా ఒత్తడము. చల్లనిదైనను వేడిదైనను సెకయే. తెలుగు చెవికి అది ‘సెగ’గా వినబడును. మన ‘కాపడము’ అను మాటలోను వేడియే కలదు. మా పాఠశాల విద్యార్థి యొకని అన్నకు ‘సెక’ పెట్టుమని చెప్పి పంపగా, ఇంటిలోని ముసలమ్మ ఆ సాయంకాలమే ఉప్పుమూట వేచి చెక్కిలికి కాపడము పెట్టినది. వేడికి నాళములు విప్పారి, ఆగిన నెత్తురు మరల కారినది. తెల్లవారునప్పటికి వాపు ఇబ్బడించినది. ముసలమ్మ ప్రేమయందు లోపము లేదు. లోపమంతయు ఒక్క అక్షరమున నున్నది. కావున వైద్యుని ‘ఠండాయా, గరమా’ అని నిలిపి అడుగుట అవసరము.

క్రమమిది. మొదటి దినమున, వలసిన రెండవ దినమునను, మంచుగడ్డలను పలుచని గుడ్డలో చుట్టి చెక్కిలిపై 15 లేక 20 నిమిషములుంచి, అంతసేపే విరామమిచ్చి, మరల పెట్టవలెను. మంచును నేరుగా చర్మముపై పెట్టరాదు. మంచు వాపును ఎంత తగ్గించునను విషయమున పరిశోధకులు ఏకాభిప్రాయమునకు రాలేదు గాని నొప్పిని ఉపశమింపజేయుననుట అనుభవమున నున్నది. రెండుదినములు గడచిన పిదపనే గోరువెచ్చని తడిగుడ్డ; అది బిగిసిన దవడను సడలించును. నిద్రించునపుడు రెండు దిండ్లు వేసి తల ఎత్తుగా నుంచుకొనవలెను. వాపు తగ్గుటకు వైద్యులు కొందరికి డెక్సామెథసోను ఇత్తురు. దాని గుణము పరీక్షలలో నిలిచినదే గాని వైద్యుడు చెప్పక వాడరానిది. ఐబుప్రొఫెను నొప్పిని, వాపును కూడ తగ్గించును. కడుపుపుండు, మూత్రపిండవ్యాధి, ఉబ్బసము కలవారును, గర్భవతులును అడిగియే పుచ్చుకొనవలెను. ఆస్పిరిను నెత్తురు కారుటను హెచ్చించును.

గుంటలో గడ్డకట్టిన నెత్తురే గాయమునకు కప్పు. అది ఊడిన ఎముక బయటపడి, కొన్నిదినములు చెవివరకు ప్రాకు ఘోరమైన బాధ కలుగును. అందుచేత మొదటి దినమున పుక్కిలింపరాదు, గట్టిగా ఉమ్మరాదు, గొట్టముతో పీల్చి త్రాగరాదు. మరునాటినుండి గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి, భోజనానంతరము నోటిలో మెల్లగా త్రిప్పి విడువవలెను. చుట్ట, బీడీ, ఖైనీ కూడదు. గుడాఖు విషయము వేరుగా చెప్పవలసియున్నది. పొగాకును బెల్లపుమడ్డితో కలిపి చేసిన ఈ ముద్దను మన ఊళ్లలో ఆడవారును పంటికి రుద్దుకొందురు. పంటినొప్పికి మందనియే భావింతురు. పచ్చిగాయముపై అది తగిలిన మానుట ఆలస్యమగును. లవంగతైలము, పసుపు, కర్పూరము గుంటలో కూరుటయు తగదు.

ఆహారమునకు మన ఇండ్లలో కొరత లేదు. చల్లారిన గంజి, మెత్తగా పిసికిన పెరుగన్నము, ఒడియావారి పఖాళము ఇందుకై పుట్టినట్లుండును. బరంపురము పేరు మోసిన అప్పడములు, పచ్చళ్లు మాత్రము వారము దినములు అటకమీద నుండనిండు; అప్పడపు ముక్క గుంటలో దిగిన తీయుట కష్టము, కారము చెప్పనక్కరలేదు.

మూడవదినము దాటినను వాపు తగ్గక పెరిగినను, తగ్గినది మరల పొంగినను, జ్వరము, చీము, దుర్వాసన కనబడినను వైద్యుని యొద్దకు పోవలెను. నాలుక క్రిందను గడ్డము క్రిందను గట్టిపడి వాచి, మ్రింగుట, మాటలాడుట, ఊపిరి తీయుట కష్టమైనచో తెల్లవారుదాక ఆగరాదు. 1836లో జర్మను వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన వ్యాధి యిది. క్రింది దవడపండ్లనుండి పుట్టి కొన్ని గంటలలో ఊపిరిని మూయగలదు. అర్ధరాత్రియైనను పెద్దాసుపత్రి అత్యవసరవిభాగమునకే తీసికొనిపోయి, పన్ను తీసిన దినమును, వాడిన మందులను చెప్పవలెను. చీటి వెంట నుండిన మరియు మంచిది.