నీటికొరకు ఉద్యోగము వదలిన వ్యవసాయ పట్టభద్రుడు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును ఎరుగని తోటరైతు మన ప్రాంతమున అరుదు. 2022 నాటికి అది బాటసింగారమునకు తరలిపోయినది గాని, అంతకు ముందు ఎన్నో యేండ్లు నల్లగొండ బత్తాయి లారీలలో వచ్చి, తెల్లవారకముందే ఇక్కడ దిగుచుండెడిది. నల్లగొండ జిల్లానుండి ఈ పేటలకు వచ్చునది మరొకటి కలదు. అది రోడ్డుమీద కనిపించదు. 2004లో వచ్చిన కృష్ణా త్రాగునీటి పథకము మొదటి దశలో, ఆ జిల్లాలోని కోదండాపూర్ వద్ద శుద్ధిచేసిన నీరు గొట్టముల ద్వారా ఎల్.బి.నగర్ దాపున గల సాహెబ్‌నగర్ జలాశయమునకు చేరును.

పండును పంపి, నీటికి దారియిచ్చిన ఆ జిల్లా తాను మాత్రము ఎట్టి నీరు త్రాగినదో మీలో కొందరికి తెలియును. ఆ నీటి విషయమై జీవితమును వెచ్చించిన ఒక వ్యవసాయ పట్టభద్రుని గురించి ఈ నెల వ్రాయుచున్నాను. ఆయన శ్రీ దుశర్ల సత్యనారాయణ గారు. స్వగ్రామము సూర్యాపేట జిల్లా మోతె మండలములోని రాఘవాపురము. 2016లో జిల్లాల విభజన జరుగువరకు అది కూడ నల్లగొండ జిల్లాలోనిదే.

సత్యనారాయణ గారు వ్యవసాయశాస్త్రములో బి.ఎస్.సి. పట్టము పొంది, బ్యాంకులో క్షేత్రాధికారిగా చేరినారు. ఆ ఉద్యోగమెట్టిదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఊరూర తిరిగి, పొలము చూచి, అప్పునకు సిఫారసు చేయువాడు క్షేత్రాధికారి. జీతము, గౌరవము రెండును గల కొలువు. అట్లు తిరుగువానికి పొలముతోబాటు మనుషులు కూడ కనబడుదురు. నల్లగొండ పల్లెలలో కనబడినది పాచిరంగు పండ్ల పిల్లలు, వంగిన కాళ్ళ యువకులు, మెడ త్రిప్పలేని పెద్దలు. ఆయన ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి జలసాధన సమితిని స్థాపించినారు. కృష్ణా నీటిని నల్లగొండ పల్లెలకు త్రాగుటకును, సాగుకును ఇవ్వవలెనన్నదే సమితి కోరిక.

ఇందులో శాస్త్రవిషయము కొంత తెలిసికొనవలెను. ఆ ప్రాంతపు నేల అడుగున నున్నది నల్లరాయి, ఎర్రరాయి జాతికి చెందిన గ్రానైటు. దానిలోని ఖనిజములలో ఫ్లోరిను కలదు. నీరు ఆ రాతి పగుళ్ళలో ఎంతకాలము నిలిచిన అంతగా ఫ్లోరైడు దానిలో కరగును. మన పెద్దలు త్రాగిన దిగుడుబావి నీరు వానకు వాన చేరి మారుచుండెడిది. చెరువులు పూడి, బావులెండి, బోర్లు వందల అడుగులు దిగినకొలది మనము తోడునది రాతిలో ఏండ్ల తరబడి నిలిచిన నీరు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు నుండుట మంచిది. వేరు ఆధారము లేనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. అంతకు మించినచో మొదట పండ్లు, పిదప ఎముకలు చెడును. చెడిన ఎముకను తిరిగి చక్కచేయు మందు లేదు. ఆ నీరు త్రాగిన పశువులకును ఇదే గతి.

నీటిని బాగుచేయు ఉపాయము కనుగొనకపోలేదు. 1970 ప్రాంతములలో నాగపూరులోని జాతీయ పర్యావరణ యింజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడును అడుగునకు దించు విధానమును రూపొందించినారు. దానికి నల్లగొండ పేరే పెట్టి, ‘నల్లగొండ విధానము’ అని లోకమంతట పిలుచుచున్నారు. ఒక జిల్లాకు దక్కిన కీర్తి యిది! విధానము మంచిదే. కాని ప్రతిదినము పాళ్ళు తప్పక కలుపవలెను, అడుగున చేరిన మడ్డిని తీసి దూరముగా పారవేయవలెను. పనులకు పోవు కుటుంబములలో ఇది నిలువలేదు. కావున మంచినీరు వెలుపలనుండి రావలెనన్న సమితి వాదము సరియైనదనియే నా అభిప్రాయము.

అర్జీలు, ధర్నాలు, పాదయాత్రలు జరిగినవి. విన్నవారు తక్కువ. 1996 లోక్‌సభ ఎన్నికలలో సమితి ఒక వింత పని చేసినది. నల్లగొండ స్థానమునకు బాధితులచేతను, రైతులచేతను విరివిగా నామినేషన్లు వేయించినది. చివరకు బరిలో నిలిచినవారు 480 మంది! అన్ని పేర్లు, అన్ని గుర్తులు పట్టు బ్యాలెట్టు కాగితమును సిద్ధపరచుటకు వ్యవధి చాలక పోలింగును వాయిదా వేయవలసి వచ్చినది. గెలిచినవారు కమ్యూనిస్టు నాయకులు శ్రీ బొమ్మగాని ధర్మభిక్షం గారు. సమితి అభ్యర్థులు గెలుపు కోరి నిలిచినవారు కారు. ఆనాటి డిపాజిట్టు 500 రూపాయలు. ఆ సొమ్ముతో నల్లగొండ నీటిగోడు దేశమంతట పత్రికలకెక్కినది. అదే సంవత్సరము చట్టమును సవరించి డిపాజిట్టును 10,000 రూపాయలు చేసినారు. ఇట్టి నిరసన మరల జరుగుట కష్టమైనది. నీరు మాత్రము మెల్లమెల్లగా వచ్చినది. మిషన్ భగీరథ పైలానును 2015లో ఆ జిల్లాలోని చౌటుప్పల్ వద్దనే ఆవిష్కరించినారు.

ఇక రాఘవాపురము సంగతి. అక్కడ సత్యనారాయణ గారికి వారసత్వముగా వచ్చిన భూమి సుమారు 70 ఎకరములు. బాల్యముననే చింతగింజలు నాటుటతో మొదలుపెట్టి, ఆ భూమినంతయు అడవిగా పెంచినారు. కుంటలు త్రవ్వించినారు. కట్టె కొట్టనీయరు. పండు కోసి అమ్మరు. నెమళ్ళు, కుందేళ్ళు, అడవిపందులు, లెక్కలేనన్ని పక్షులు అక్కడ చేరినవి.

నేను వ్యవసాయాధికారిని. ఎకరాకు ఎన్ని బస్తాలని అడుగుట నా వృత్తి. బస్తా లెక్కకు రాని 70 ఎకరములను చూపి ‘మీరును ఇట్లు చేయుడు’ అని రెండెకరముల రైతునకు చెప్పుట హాస్యాస్పదము. నేనట్లు చెప్పను. కాని ఆ అడవిని నీటి కంటితో చూడుడు. ఆకురాలి పేరుకొన్న నేల వానచినుకు దెబ్బను తాను తినును. వేళ్ళు తొలిచిన సందులలో నీరు దిగును. మిగిలిన నీరు కుంటలలో నిలిచి ఇంకును. బోరుతో తోడుట తెలిసిన మనము ఇంకించుట మరచినాము. చుట్టుపట్ల బావులలో కొత్త నీరు చేరినచో పాత రాతినీరు పలుచబడును. అన్నిచోట్ల ఒకే తీరున జరుగునని చెప్పజాలము. పరీక్షించియే తెలిసికొనవలెను.

ఆ పరీక్షకు నీరు పట్టు పద్ధతిని గ్రామాధికారులు గుర్తుంచుకొనవలెను. గాజు సీసా పనికిరాదు, ఫ్లోరైడు గాజుతో కలియును. లీటరు ప్లాస్టిక్ సీసాను ఆ నీటితోనే రెండుమూడు సార్లు కడుగుడు. బోరును కొన్ని నిమిషములు నడిపిన పిమ్మట నీరు పట్టుడు. సీసాపై గ్రామము, సర్వే నంబరు, బోరు లోతు, తేది వ్రాసి గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలకు పంపుడు. వేసవి చివర ఒకమారు, వానల తరువాత ఒకమారు పరీక్షించుట అవసరము. కొత్త బోరునకును, చెట్టు కొట్టుటకును 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి కావలెనని కూడ రైతులకు తెలుపుడు.

చింతచెట్టు విషయము ఒకటి చెప్పవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చేసిన పరిశోధనలో, చింతపండు తినుటవలన మూత్రము ద్వారా ఫ్లోరైడు హెచ్చుగా బయటికి పోవునని తేలినది. చింతపండున్నది గదా అని చెడునీరు త్రాగవలదు. అది ఆహారములో తోడు మాత్రమే. పొలము మూలనో, చెరువుకట్ట వెలుపలి వాలుననో రెండు చెట్లకు చోటు దొరకకపోదు. గింజలను ఒక రాత్రి నీట నానబెట్టి, తొలకరి వాన బాగుగా పడిన పిదప, అడుగు లోతున గుల్లచేసిన గుంటలో మూడేసి గింజలు అంగుళము లోతుకు మించకుండ వేయుడు. మొలిచినవానిలో బలమైనది ఉంచి తక్కినవి తీసివేయుడు. మొదటి రెండు వేసవులు మేకలు తగులకుండ తుమ్మకంప కట్టుడు.