రంగు నిలిచిన వస్త్రము

బట్టలకొట్టులో అడుగిడిన వారి చూపును మొట్టమొదట ఆకర్షించునది రంగు. నేత మంచిదా, నూలు గట్టిదా అనునవి తరువాతి మాటలు. ఆ రంగు దేనినుండి వచ్చినది? బట్టను అద్ది ఉతికినప్పుడు విడిచిన రంగు ఏ కాలువలో కలిసినది? ఈ రెండు ప్రశ్నలను మాత్రము సామాన్యముగా ఎవ్వరును అడుగరు. వస్త్రము కంటికి ఇంపుగా నున్న చాలునని తలంతురు. కాని వస్త్రము అందమునకును, దానిని పుట్టించిన నేలకును నీటికిని దగ్గర సంబంధము కలదు. ఆ సంబంధమును తెలిసికొనవలెనన్నచో కృష్ణా జిల్లాలోని అద్దకపు పనిని చూడవలెను.

మచిలీపట్టణము సముద్రతీరమున నున్న ప్రాచీనమైన రేవుపట్టణము. దానికి సమీపముననే పెడన అను ఊరు కలదు. ఈ ప్రాంతమున నూలుబట్టపై రంగులు అద్దు పనివారు తరతరములుగా నివసించుచున్నారు. వీరు తయారుచేయు వస్త్రములకు కలంకారీ అని పేరు. 'కలం' అనగా లేఖిని. 'కారీ' అనగా పని. ఇవి పారసీక భాషనుండి వచ్చిన మాటలు. తిరుపతి జిల్లాలోని శ్రీకాళహస్తిలో చిత్రకారులు నిజముగనే వెదురుకలము పట్టి, రామాయణ భారత కథలను బట్టపై చిత్రింతురు. పెడనలో కలమునకు బదులుగా టేకుకొయ్యపై చెక్కిన అచ్చులను వాడుదురు. పూలు, తీగలు, ఆకులు, పక్షులు ఆ అచ్చులపై తీర్చబడి యుండును. పనితీరు వేరైనను, రెండుచోట్లను రంగుల రహస్యము ఒక్కటియే.

ఒక పూవును తెచ్చి తెల్లని గుడ్డపై రుద్దినచో మరక పడును. రెండు మూడు ఉతుకులకు ఆ మరక వెలిసిపోవును. చెట్టుచేమలనుండి వచ్చు రంగులలో పెక్కింటికి నూలుతో పొత్తు కుదరదు. ఆ రంగును ఈ నూలును కలిపి పట్టియుంచుటకు మూడవ వస్తువొకటి కావలెను. ఆ మూడవ వస్తువును కనుగొని, దానిని చక్కగా ఉపయోగించుటలోనే అద్దకపువాని నేర్పు అంతయు ఉన్నది.

మొదట మగ్గమునుండి దిగిన ముతకబట్టను నీటిలో నానబెట్టి, బాగుగా ఉతికి, ఎండలో ఆరబెట్టుదురు. ఇందువలన నేతకై పెట్టిన గంజి వదలిపోవును. పిదప కరక్కాయల పొడి కలిపిన గేదెపాలలో బట్టను తడిపి, పిండి, మరల ఆరవేయుదురు. కరక్కాయలో వగరు పదార్థము మెండుగా నుండును. ఆ వగరే తరువాత రంగును పట్టుకొనును. పాలలోని క్రొవ్వు బట్టకు అంటుకొని, అచ్చువేసిన రంగు ప్రక్కలకు ప్రాకకుండ ఆపును. ఈ దశలో బట్ట లేత పసుపు వన్నెతో నుండును. దానిపై ఇంకను ఏ చిత్రమును లేదు.

ఇప్పుడు నలుపును అద్దవలెను. అందులకు పనివారు కొన్ని వారములకు ముందే ఒక కుండలో నీరు పోసి, తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లమును వేసి మూత పెట్టి యుంచుదురు. బెల్లము పులియును. ఆ పులుపునకు ఇనుము కొంచెము కొంచెముగా కరగి నీటిలో కలియును. ఈ ఇనుపనీటిలో అచ్చును ముంచి, కరక్కాయ పట్టించిన బట్టపై ఒత్తినంతనే, వగరును ఇనుమును కలిసి చిక్కని నలుపు పుట్టును. పూర్వము కరక్కాయతోను అన్నభేదితోను వ్రాతకు సిరా చేసికొనెడివారు. ఆ సిరా నలుపునకును ఈ అద్దకపు నలుపునకును కారణము ఒక్కటియే. చిత్రము గీతలన్నియు ఈ నలుపుతోనే ఏర్పడును.

ఎరుపు పుట్టు విధము ఇంతకంటెను విచిత్రమైనది. ఎరుపు కావలసిన చోట్ల పనివారు ఎఱ్ఱరంగును అద్దరు; పటికనీటిని అద్దుదురు. పటికకు తనదైన రంగు లేదు. కావున అచ్చు ఎచ్చట పడినదో కనబడుటకై దానిలో తరువాత పోవునట్టి రంగును కొంచెము కలుపుదురు. కొన్నిదినములు ఆరనిచ్చి, బట్టను పారు నీటిలో జాడింతురు. పిదప పెద్ద రాగికాగులో నీరు మరిగించి, అందులో ఎఱ్ఱరంగు నిచ్చు వేరును వేసి, బట్టనంతటిని ముంచి త్రిప్పుచు ఉడికింతురు. బట్ట మొత్తము ఆ రంగునీటిలో మునిగినను, పటిక పడిన చోటులు మాత్రమే ఎఱ్ఱబారి నిలుచును. మిగిలిన భాగమున అంటిన రంగు నిలువదు. నీటితో ఉతికి, ఎండలో పరచి, పలుమారులు నీరు చిలుకరించుచుండగా అది వెలిసిపోవును. పటిక పట్టిన ఎరుపు మాత్రము చెదరదు.

ఈ ఎరుపునకు పూర్వము వాడినది చిరువేరు. ఇది తీరప్రాంతపు ఇసుకనేలలో పెరుగు చిన్న మొక్క వేరు. కృష్ణా నదీముఖమునకు సమీపమున, నిజాంపట్టణపు పరిసరములలో దొరకు చిరువేరు ఒకప్పుడు మిక్కిలి పేరుపొందినది. ఆ నేల, ఆ నీరు, ఆ ఎండ కలిసిననే ఆ ఎరుపు వచ్చునని వర్తకులు నమ్మిరి.

నీలిరంగు కథ మరియొకటి. నీలిమందు నీటిలో కరగదు. సున్నము, బెల్లము మొదలగు వాటితో కుండలో పులియబెట్టినప్పుడు అది రూపము మారి కరగును. అందులో ముంచి తీసిన బట్ట మొదట పసుపుపచ్చగా నుండును. గాలి తగిలిన కొలది అది చూచుచుండగనే నీలముగా మారును. నీలి సోకగూడని భాగములకు పూర్వము కరగిన మైనము పూసెడివారు. నీలముపై పసుపు రంగును వేసినచో ఆకుపచ్చ ఏర్పడును. ఈవిధముగా నాలుగైదు మూలపదార్థములతోనే వనమంతయు వస్త్రముపైకి వచ్చును.

ఇన్ని శ్రమలతో రంగు నిలిచిన ఈ వస్త్రములు సముద్రములు దాటిపోయెను. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పుకొనిరి. ఉతికినను వెలియని పూలబట్టలను చూచి ఐరోపా ప్రజలు ఆశ్చర్యపడిరి. గృహములలో తెరలుగను, పరుపులపై దుప్పట్లుగను, స్త్రీపురుషుల ఉడుపులుగను వాటిని వాడసాగిరి. అచ్చటి నేతగాండ్రకు పని తగ్గిపోయి అలజడి చెలరేగినది. అందుచే ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో ఈ బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో రంగుల నూలుబట్టల దిగుమతిని కట్టడిచేసి, 1721లో వాటిని ధరించుటను కూడ నిషేధించెను. ఒక దేశపు అద్దకపువాని నేర్పును ఆపుటకు మరియొక దేశము శాసనములు చేయవలసివచ్చెను! ఈలోపల ఆ విద్యను నేర్చుకొను ప్రయత్నములును సాగెను. తెలుగు నేర్చిన కేర్దూ అను ఫ్రెంచి మతగురువు, ఇచ్చటి పనివారినుండి తెలిసికొన్న అద్దకపు విధానమును 1742లో తన దేశమునకు లేఖగా వ్రాసి పంపెను.

శాసనములు చేయలేని పనిని రసాయనశాస్త్రము చేసినది. 1856లో విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు, మలేరియా జ్వరమునకు మందగు క్వినైనును కృత్రిమముగా తయారుచేయ ప్రయత్నించుచు, బొగ్గుతారు నుండి లభించు పదార్థముతో ఊదారంగును కనుగొనెను. చిరువేరు వంటి వేళ్ళలో ఎరుపునకు కారణమగు అలిజరిన్ అను పదార్థమును 1869 నుండి కార్ఖానాలలో చేయ మొదలిడిరి. 1897లో జర్మనీనుండి కృత్రిమ నీలిమందు అంగళ్ళకు వచ్చెను. కొన్ని వారములు పట్టు పని కొన్ని గంటలలో ముగియసాగెను. రంగులబట్ట పేదవానికిని అందుబాటులోనికి వచ్చినది. ఇది మేలే. కాని చిరువేరు త్రవ్వువారికిని, నీలి పండించువారికిని, అద్దకపువారికిని జీవనాధారము సన్నగిల్లినది. స్వాతంత్ర్యము వచ్చునాటికి శ్రీకాళహస్తిలో ఈ విద్య అంతరించు స్థితిలో నుండెను. 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళల మండలికి అధ్యక్షత వహించిన కమలాదేవీ ఛటోపాధ్యాయ పూనికతో, అచ్చట బాలురకు ఈ పనిని నేర్పు ఏర్పాటు జరిగి, కలము మరల చేతికి వచ్చినది. నేడు శ్రీకాళహస్తి, మచిలీపట్టణము కలంకారీలు రెండింటికిని భౌగోళిక సూచిక అను గుర్తింపు కలదు.

బొగ్గుతారు రంగులవలన కలిగిన చిక్కు మరియొకటి క్రమముగా బయటపడినది. రంగుల కార్ఖానాలనుండి వెలువడు మురుగునీరు నదులలో చేరసాగెను. తమిళనాడులోని తిరుప్పూరు బనియనులకు ప్రసిద్ధికెక్కిన పట్టణము. అచ్చటి అద్దకపు నీరు నొయ్యల్ నదిలో కలిసి, దిగువనున్న పొలములను చెరచినది. సేద్యమునకై కట్టిన ఒరత్తుపాళయము జలాశయము రంగునీటి మడుగైనది. రైతుల మొర విని మద్రాసు హైకోర్టు 2011లో అచ్చటి అద్దకపు కార్ఖానాలను మూయవలసినదిగా ఆజ్ఞాపించెను. పొలము ఎండిన రైతునకును, పని పోయిన కూలివానికిని కష్టమే మిగిలెను. కొన్ని అజో రంగులు విచ్ఛిన్నమై పుట్టువ్రణమును కలిగింపగల పదార్థములుగా మారునని తేలగా, 1994లో జర్మనీ అట్టి వాటిని బట్టలలో వాడరాదని శాసించెను. పిదప భారతదేశమును అట్టి రంగులను నిషేధించినది.

ఐనను చెట్టురంగు లన్నియు నిర్దోషములు, కృత్రిమరంగు లన్నియు విషములు అని తలచుట పొరపాటు. అద్దకపు పనికి నీరు విస్తారముగా కావలెను. కాగులక్రింద కట్టెలు మండవలెను. పటికనైనను, ఇనుపనీటినైనను మితిమీరి పారబోసినచో నేలకు మేలు కాదు. చిరువేరు దొరకుట అరుదగుటచే, నేడు పెడనలో సహితము ఎరుపునకు పెక్కుచోట్ల కృత్రిమమైన అలిజరిన్‌నే వాడుచున్నారు. కాగా కాలువలో మంచినీరు పారనిదే ఈ పని సాగదు. పటిక ఎక్కువైనదంతయు ప్రవాహములో కొట్టుకొనిపోయిననే ఎరుపు అంచులు స్వచ్ఛముగా వచ్చును. కాలువ మురికియైనచో బట్టయు మురికియగును. అందుచే అద్దకపువానికి నీటిని కాపాడుట ధర్మమే కాక అవసరము కూడ.

నేటి పనివారి ఎదుట నున్న పెద్ద కష్టము అనుకరణము. యంత్రముపై గాని తెరపై గాని ఒకే ఊపున ముద్రించిన బట్టను కలంకారీ అని పిలిచి, తక్కువ వెలకు అమ్ముచున్నారు. చేతి అచ్చువాడు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చును ఎన్నియో మారులు ఒత్తవలెను. అతడా వెలకు అమ్మజాలడు. కొనువారు కొంచెము శ్రద్ధగా చూచినచో భేదము తెలియును. చేతిపని యందు అచ్చునకు అచ్చు కలియు చోట వెంట్రుకవాసి తేడా యుండును. ఒకచోట రంగు చిక్కగా, మరియొకచోట పలుచగా నుండును. యంత్రపు బట్టలో ప్రతి పూవును ముందటి పూవువలెనే యుండును. మొదటిదానిలోని తేడా తప్పు కాదు. అది చేతి గుర్తు.

ఇప్పుడు పట్టణములలో గృహాలంకరణము చేయువారును, ఉడుపుల రూపకర్తలును ఈ వస్త్రములను మరల ఆదరించుచున్నారు. కిటికీ తెరలు, దుప్పట్లు, దిండుగలీబులు, చీరలు, చొక్కాలు, చేతిసంచులు దీనితో చేయుచున్నారు. పాత కలంకారీ చీర చిరిగినను పారవేయక, మంచిభాగమును కత్తిరించి రవికకు గాని బొంతకు గాని ఉపయోగించు గృహిణులును కలరు. ఒక బట్టను పదేండ్లు వాడుకొనుట, ఏడాదికి పది బట్టలను కొని పారవేయుటకంటె నేలకును నీటికిని ఎంతయో మేలు. నిలుచు రంగు కొరకు అద్దకపువాడు ఇన్ని వారములు శ్రమించుట ఇందులకే.

కొత్త బట్ట కొనునప్పుడు విద్యార్థులు కొట్టువానిని రెండు మాటలు అడుగవచ్చును: ఇది ఎవరు అద్దినది? ఏ రంగుతో అద్దినది? సమాధానము వెంటనే దొరకకపోవచ్చును. కాని అడుగువారు పెరిగిన కొలది అమ్మువారును తెలిసికొనక తప్పదు. ఆ సమాధానము కొట్టునుండి అద్దకపు చావడికిని, చావడినుండి కాలువగట్టునకును దారిచూపును. అచ్చట మోకాలిలోతు నీటిలో నిలిచి పనివాడు జాడించుచున్న బట్టపై ఎఱ్ఱని పూవులు నిలిచియుండవలెను. క్రింద పారు నీరు దిగువ పొలమునకు పనికివచ్చునదిగా నుండవలెను. ఈ రెండును కలిసిననే ఆ వస్త్రము నిజముగా అందమైనది.