అన్నమెంత? ఆదరువెంత?

అన్నము మానినగాని ఆరోగ్యము లేదని నేడు కొందఱు బోధించుచున్నారు. బియ్యము విడిచి జొన్నలు పట్టిన చాలును, మధుమేహము దరిజేరదని మఱికొందఱు చెప్పుచున్నారు. ఈ రెండు మాటలును విని, ఏది తినవలెనో ఏది మానవలెనో తోచక మా షాద్‌నగరమున సోదరీమణులు పలువురు తికమకపడుచున్నారు. మేము వైద్యులము కాము. అయినను వంటయింటి పెత్తనము మనది. ఏ కంచములో ఏది యెంత పడవలెనో నిర్ణయించునది మన చేతి గరిటె. కావున ఈ విషయమున శాస్త్రజ్ఞులు తేల్చిన సంగతులను ఇల్లాండ్రకు పనికివచ్చు తీరున ఇచ్చట విన్నవించెదము.

బియ్యము, జొన్న, గోధుమ, ఆలుగడ్డ, బెల్లము, చక్కెర - వీనియందు విశేషముగా నుండునది పిండిపదార్థము. డాక్టర్లు దీనినే కార్బోహైడ్రేటు అందురు. పొయ్యికి కట్టెలవలె ఇది దేహమునకు ఇంధనము. మెదడు పనిచేయుటకు ముఖ్యాధారము. తిన్న పిండి జీర్ణమై చక్కెరగా మాఱి రక్తమున చేరును. క్లోమము నుండి ఊరు ఇన్సులిను దానిని కండలకు అందించును. ఆ ఇన్సులిను చాలకపోయినను, ఉన్నది సరిగా పనిచేయకున్నను చక్కెర రక్తమున నిలిచి, కాలక్రమమున కన్నులకు, మూత్రపిండములకు, గుండెకు చేటు తెచ్చును. 2023లో ప్రకటితమైన అఖిలభారత పరిశీలన మన దేశమున మధుమేహముగల వారు 10 కోట్లకు పైబడిరని తెల్పినది. ఇక మనలో ఈ జబ్బు లేని బంధువర్గమెక్కడ?

మహబూబునగరు జిల్లాలో నుండి 2016లో రంగారెడ్డి జిల్లాకు మాఱిన మా యూరును, చుట్టుపట్ల మెట్టభూములును పూర్వము జొన్నసీమ. పచ్చజొన్న గటక, రొట్టె, తైదల అంబలి నిత్యభోజనము. వరియన్నము పండుగనాటి మర్యాద. శ్రీనాథమహాకవి పల్నాట జొన్నకూటిని ఈసడించెనని చెప్పు చాటువులు నేటికిని వినబడుచున్నవి. సన్నన్నముపై మోజు క్రొత్తది కాదు సుమా! బోరుబావులు, పత్తి, మొక్కజొన్న, 1983లో వచ్చిన కిలో 2 రూపాయల బియ్యము - ఇవన్నియు కూడి పచ్చజొన్నను వెనుకకు నెట్టినవి. 2025 ఉగాదినాడు హుజూర్‌నగరున ఆరంభించి, రేషను దుకాణములందు మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చుట మొదలిడిరి. ఆకలి నెఱిగిన యింటికి ఇది చిన్న మేలు కాదు. దానిని నిందించుట మా యభిమతము కాదు. అయితే చవుకగా వచ్చిన బియ్యము కంచమంతయు నిండి, ధర పెరిగిన పప్పు నీళ్ళచారైనప్పుడే చిక్కు వచ్చుచున్నది.

మఱి జొన్నలకు మరలిన సరిపోవునా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలను చూడుడు. 100 గ్రాముల మరబియ్యములో పిండి సుమారు 78 గ్రాములు, పీచు 3 గ్రాములకు లోపు. అంతే జొన్నలో పిండి 68, పీచు 10. పీచు పిండిని మెల్లగా అరుగనిచ్చి, కడుపు నిండిన తృప్తినిచ్చును. కనుక జొన్న మేలే. కాని అందులోను మూడింట రెండుపాళ్ళు పిండియే గదా! రెండు రొట్టెలు తినవలసినచోట నాలుగు తిని, పైన అన్నమునకు కూర్చున్నచో ఆ మేలు దక్కదు.

ఇందుకు మన యెదుటనే పాత నిదర్శన మొకటి కలదు. పప్పు పాలు నోచుకొనక జొన్నలతోనే కాలము గడుపు దక్కను బీదలకు, ఎండ తగిలిన చర్మము నల్లబడి పగులు పెల్లాగ్రా యను వ్యాధి వచ్చుచుండెడిది. హైదరాబాదున డాక్టరు సి. గోపాలన్ గారును వారి సహచరులును 1960 ప్రాంతమున దీనిని పరిశోధించిరి. ఒక్క ధాన్యమునే నమ్ముకొన్న కంచము, ఆ ధాన్యమేదైనను, కొఱగాదని దీనివలన తెలియుచున్నది. 2025లో ప్రకటితమైన మఱియొక పరిశీలనయు ఇట్లే చెప్పినది: మన దేశీయులకు శక్తిలో నూటికి 62 పాళ్ళు పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నది, మొత్తము తగ్గింపక బియ్యమునకు బదులు గోధుమయో చిఱుధాన్యమో తినినంత మాత్రమున మధుమేహభయము తగ్గినట్లు కనబడలేదు, అందులో కొంత తగ్గించి పప్పు, పాలు, పెరుగువంటి మాంసకృత్తులు గల ఆహారము చేర్చిననే మేలు కనబడినది.

అయిన కొలత యేది? పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క యిది. దినమునకు 2000 కేలరీలు చాలునట్టి వారికి తిండిగింజలన్నియు కలిపి పావుకిలో, పప్పుధాన్యములు 85 గ్రాములు, కూరలు ఆకుకూరలు 400 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, వీనికి తోడు పండ్లు, పల్లీలవంటి గింజలు, కొంచెము నూనె. చేనిపని చేయువారికి ఎక్కువ కావలెను. కూర్చుండి పనిచేయువారికి తక్కువ చాలును. వాగ్భటుడు అష్టాంగహృదయమున కడుపును నాలుగు పాళ్ళు చేసి, రెండు పాళ్ళు అన్నమునకును, ఒకటి పానీయమునకును విడిచి, నాలుగవదానిని ఖాళీగా నుంచుమనెను. మితమను మాట మన పెద్దలకు క్రొత్తది కాదు.

ఇక అసలు సంగతికి వచ్చెదము. మన యిండ్లలో కడపట భుజించునది ఎవరు? ఇల్లాలే. మగవారికి, పిల్లలకు, వచ్చినవారికి వడ్డించునప్పటికి పప్పు అడుగంటును, కూరగిన్నె ఖాళీయగును. మిగులునది అన్నము, పచ్చడి. పాఱవేయుట పాపమని ఆ మిగిలిన అన్నమంతయు మనమే తినుచున్నాము. చూచువారికి కడుపునిండ భోజనమే. నిజమునకు ఉత్త పిండి. రక్తహీనత, మధుమేహము, మోకాళ్ళపై బరువు - వీనికి దారి ఇచ్చటనే పడుచున్నది. కావున సోదరీమణులారా, వడ్డనకు ముందే మీ వంతు పప్పును, కూరను, పెరుగును వేరు గిన్నెలో తీసి యుంచుడు. ఇది స్వార్థము కాదు. అందఱు కలిసి కూర్చుండు నలవాటు చేసికొన్నచో మఱియు మేలు. ఎవరి కంచములో ఏది తక్కువయో అందఱకు కనబడును.

తక్కినవి చిన్న మార్పులు. అన్నము తగ్గించి, ఆ చోట పెసరపప్పు వేసిన పుంటికూరయో తోటకూరయో హెచ్చింపుడు. ఒకపూట జొన్నరొట్టె తిన్నచో ఆ పూటకు అన్నము మానుడు. గంజి వార్చినచో కొన్ని విటమినులు గంజితోనే పోవును. అన్నము అత్తెసరు పెట్టుట మంచిది. సాయంకాలము బిస్కత్తులకు బదులు బొబ్బర్ల గుడాలో, శనగల గుడాలో పెట్టుడు. బెల్లము, తేనె చక్కెరవంటివే. మధుమేహులకు నిరపాయములని నమ్మవలదు. తైదల పేరు పెట్టి అమ్ము బిస్కత్తులలో మైదా, చక్కెర యెంత యున్నవో పొట్లముమీద చదువుడు.

ఎదుగు పిల్లలకు, గర్భవతులకు అన్నము పూర్తిగా మాన్పించుట తగదు. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు ఒక్కసారిగా అన్నము తగ్గించినచో రక్తములో చక్కెర మితిమీఱి పడిపోవచ్చును. డాక్టరు సలహా పొందియే మార్చుకొనవలెను.

బియ్యము బస్తా యింటికి వచ్చినదని సంతోషించుచునే, కందులు, పెసలు ఎన్ని తెచ్చితిమో ఆ నెల లెక్కలో వ్రాసికొందము. ఇంటిల్లపాది ఆరోగ్యము ఆ రెండవ పద్దులో నున్నది.