ఒకే మందు – వేరువేరు ఫలితములు

ముదిమిలో మనస్సు క్రుంగుట సహజమేయని మనలో అనేకులము తలంతుము. కాని యది చికిత్సకు లొంగు వ్యాధి. అయితే ఒకే మందును ఒకే మోతాదులో పుచ్చుకొన్న ఇరువురు వృద్ధులలో ఒకరు తేరుకొనగా, మరొకరు తల తిరిగి తూలిపడుట కద్దు. ఇట్లేల జరుగును?

మనము మింగిన మందు రక్తములో చేరిన పిదప, దానిని విరిచి వెలుపలికి పంపుటకు సిద్ధపరచు పని ముఖ్యముగా కాలేయమునది. అందలి ఎంజైములే ఆ పనివాండ్రు. వాని నిర్మాణ విధానము తల్లిదండ్రులనుండి మనకు సంక్రమించిన జన్యువులలో ఇమిడియున్నది. కొందరి ఎంజైములు చురుకైనవి, కొందరివి మందకొడివి. మందకొడివారిలో మందు నిలువయై బాధించును. మిక్కిలి చురుకైనవారిలో పనిచేయుటకు చాలినంత మిగులదు.

స్వీడను దేశములో కవలలకు నార్ట్రిప్టిలీన్ అను మందు నిచ్చి జరిపిన పరిశోధన 1969లో వెలువడినది. ఒకే అండమునుండి పుట్టిన కవలల రక్తములో మందు ఇంచుమించు సమానముగ నుండెను. తక్కిన కవలలలో తేడా కనబడెను. కాని ఇతర ఔషధములు కూడ వాడుచున్న జంటలలో ఆ పోలిక చెడిపోయెను. జన్యువులతోపాటు తోడి మందులును లెక్కకు వచ్చునని దీనివలన తేలినది.

వార్ధక్యములో ఈ రెండవ సంగతి ప్రబలమగును. రక్తపోటునకు, గుండెకు, కీళ్ళ నొప్పులకు వేరువేరు బిళ్ళలు వాడుచుందురు. మూత్రపిండముల శక్తియు తగ్గుచుండును. సిటలోప్రామ్ అను మందు అధికమైనచో గుండె లయ తప్పు ప్రమాదము కలదు. అందుచేత అరువది యేండ్లు దాటినవారికిని, సి.వై.పి.2సి19 అను ఎంజైము పనిచేయనివారికిని రోజునకు 20 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో సూచించినది. అట్టి ఎంజైము లోపము యూరపు ప్రజలలోకంటె దక్షిణాసియా ప్రజలలో అధికము.

ఈ జన్యువులను రక్తముతోగాని ఉమ్మితోగాని పరీక్షింపవచ్చును. ఆ పరీక్ష మోతాదునకు దారి చూపునేగాని, మనస్సు తేరుకొనునో లేదో ముందుగ చెప్పజాలదు.

కావున మందు పడని పెద్దలను ఓర్పు లేనివారని మనము నిందింపరాదు. వైద్యుని అడుగక మందు హఠాత్తుగ మాన్పించుటయు తగదు. ఇంటిలో వారు వాడు మందులన్నిటిని వైద్యునికి చూపవలెను. మునుపు ఏ మందు పడలేదో, రక్తసంబంధులలో ఎవరికి పడలేదో తెలుపవలెను. తక్కువ మోతాదుతో మొదలిడి మెల్లగ పెంచుట వృద్ధుల చికిత్సలో మేలైన పద్ధతి. పొరుగువారికి మేలు చేసిన బిళ్ళ మన యింటి పెద్దకు కొలబద్ద కానేరదు.