ట్రక్కులో నిద్ర

మా వారు 31 ఏళ్లు లారీ నడిపారు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎక్కించుకుని కలకత్తా వెళ్లడం, అక్కడ దొరికిన లోడుతో తిరిగి రావడం, ఇదే ఆయన ఉద్యోగం. వెళ్లి వచ్చేసరికి పది పన్నెండు రోజులు పట్టేది. ఆ రోజుల్లో ఆయన నిద్రంతా లారీలోనే. సీటు వెనక బల్ల మీద ఒకరు, ఎండాకాలమైతే టాపు మీద ఒకరు. ఇంజను వేడి, డీజిలు వాసన, దోమలు. ఇంటికి వచ్చిన మొదటి రాత్రి మంచం మీద నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతూ ఉండేవారు.

అటువంటి మనిషిని 2024 అక్టోబరులో మా అబ్బాయి అమెరికాలో తన ట్రక్కు ఎక్కించి, "నాన్నా, ఈ ప్రయాణంలో మనం హోటళ్లకు వెళ్లడం లేదు, బండిలోనే పడుకుంటాం" అన్నాడు.

"రిటైరైనాక కూడా లారీయేనట్రా?" అన్నారు ఆయన.

తిరిగి వచ్చాక మా సంఘపు సోదరీమణులు గ్రాండ్ కాన్యన్ లోయ ఎలా ఉందని అడిగారు. ఆ లోయ ఫోటోలు అందరూ చూసినవే. నేను వ్రాయదలచుకున్నది దారిలో మేము పడుకున్న రాత్రులను గురించి.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. అది ఫోర్డు కంపెనీ వారి ఎఫ్-150 లైట్నింగ్ అనే పికప్ ట్రక్కు. ముందు అయిదుగురు కూర్చునే క్యాబిన్, వెనక అయిదున్నర అడుగుల పొడవున తొట్టి. 2022లో అమ్మకానికి వచ్చిన ఈ బండి పూర్తిగా కరెంటుతోనే నడుస్తుంది. మా వారు చేసిన మొదటి పని బానెట్ ఎత్తించడం. ఎత్తి చూస్తే లోపల ఇంజను లేదు! ఖాళీ పెట్టె ఉంది. దాదాపు 400 లీటర్ల చోటు. అందులో నా బియ్యం సంచి, కరెంటు కుక్కరు, ఆవకాయ సీసా, దుప్పట్లు అన్నీ సర్దుకున్నాము. "ఇంజను లేని బండిని ఏమని నమ్మేదిరా" అని ఆయన రెండు మూడుసార్లు అన్నారు.

బ్యాటరీ బండి అడుగున నేల పొడవునా పరచి ఉంటుంది. మా అబ్బాయి కొన్నదాంట్లో 131 యూనిట్ల కరెంటు పడుతుంది. మా ఊళ్లో మా ఇంటికి నెలంతా అంత కాలదు. నిండుగా ఉంటే 320 మైళ్లు, అంటే 515 కిలోమీటర్లు పోతుందని లెక్క. అయితే అది కాగితం మీది లెక్క. హైవే మీద వేగంగా పోతే, ఎదురుగాలి ఉంటే, చలి ఎక్కువైతే తగ్గిపోతుంది. మాకు యూనిట్‌కు మూడు కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. మా వారికి అది విని సంతోషమేసింది. ఆయన లోడు లారీ కూడా లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లే ఇచ్చేదట.

డాలస్ దగ్గర ప్లేనోలో మా అబ్బాయి ఇల్లు. అక్కడి నుండి లోయకు సుమారు 1,700 కిలోమీటర్లు. కోడలు, మనవరాలు బడి ఉన్నందున రాలేదు. మేము ముగ్గురమే గురువారం తెల్లవారుజామున బయలుదేరాము.

విచిటా ఫాల్స్ దాటాక ఊళ్లు పలచబడిపోయాయి. రోడ్డుకిరువైపులా పత్తి చేలు, పశువుల మేత బీళ్లు, వాటి మధ్య గాలిమరలు. గాలితో కరెంటు తీయడంలో అమెరికాలో టెక్సాసే మొదటిదట. ఆ గాలే మాకు ఎదురు వీచి బ్యాటరీని తినేసింది! రెండున్నర గంటలకొకసారి ఆగి ఛార్జింగు పెట్టవలసి వచ్చింది. టెస్లా కంపెనీ వారు తమ ఛార్జింగు కేంద్రాలను 2024 ఫిబ్రవరి నుండి ఫోర్డు బండ్లకూ తెరిచారు గనుక ఇబ్బంది లేకపోయింది. ఒకటే చిక్కు. వాళ్ల తీగ పొట్టిది, మా బండికి ప్లగ్గు ముందు రెక్క మీద ఉంది. అది అందాలంటే రెండు బండ్ల చోటు ఆక్రమించాలి. ఒకామె మమ్మల్ని చూసి ముఖం చిట్లించుకుంది. మా వారు చేతులు జోడించారు.

అమరిల్లో ఊరు దాటి, రాత్రి ఎనిమిది గంటల వేళకు న్యూ మెక్సికో రాష్ట్రంలో టుకుంకారి అనే చిన్న ఊరు చేరాము. 770 కిలోమీటర్లు వచ్చాము. ఇంకా 930 ఉంది. మా అబ్బాయికి సెలవు తక్కువ. ఛార్జింగు తీగ తగిలించి, "అమ్మా, మీరిద్దరూ వెనక పడుకోండి. నేను కాఫీ తాగి రాత్రంతా నడిపేస్తాను. తెల్లారేసరికి లోయ దగ్గరుంటాం" అన్నాడు.

మా వారు ఏమీ అనకుండా దిగి అవతల ఉన్న లారీల వైపు నడిచారు. అవి మన లారీల వంటివి కావు, పద్దెనిమిది చక్రాలవి. డ్రైవరు సీటు వెనక చిన్న గదే ఉంటుంది. ఆ ఐ-40 రోడ్డు మీద పంజాబీ డ్రైవర్లు చాలామంది, వారి దాబాలు కూడా ఉన్నాయి. కాసేపటికి చూస్తే ఈయన ఒక సర్దార్జీతో హిందీలో మాట్లాడుతున్నారు. కలకత్తా రోడ్డు నేర్పిన హిందీ అది. అమెరికాలో వాడుతుందని ఎవరనుకున్నారు?

ఆ సర్దార్జీ చెప్పిన సంగతి ఆయన తిరిగి వచ్చి మాకు చెప్పారు. ఈ దేశంలో సరుకు లారీ డ్రైవరు రోజుకు 11 గంటలకు మించి నడపకూడదు. ఎక్కిన 14 గంటల లోపలే ఆ 11 గంటలూ పూర్తి కావాలి. ఎనిమిది గంటలు నడిపితే అరగంట ఆగి తీరాలి. తరువాత వరుసగా 10 గంటల విశ్రాంతి. 2017 డిసెంబరు నుండి ఎక్కువ లారీల్లో ఈ గంటలన్నీ యంత్రమే వ్రాసుకుంటుంది గనుక దొంగలెక్కలు సాగవు. (మన దేశంలో కూడా 1961లోనే చట్టం చేశారు, రోజుకు 8 గంటలు, వారానికి 48 అని. 31 ఏళ్లలో ఒక్క ఓనరు నోట కూడా ఆ మాట వినలేదని మా వారు అంటారు.)

"అది సరుకు లారీలకు నాన్నా. మనది సొంత బండి, మనల్నెవరూ అడగరు" అన్నాడు వాడు.

"బండి 40 నిమిషాలు తిన్నది. నువ్వేం తిన్నావు? నువ్వెప్పుడు పడుకున్నావు?" అని, ఆయన ట్రక్కు మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆయన దిగితే గాని తలుపు వేయడానికి లేదు. వాడు నా వైపు చూశాడు. నేను మాట్లాడలేదు. ఆయన చెప్పబోయేది నాకు తెలుసు.

1989 ఫిబ్రవరి. మా అబ్బాయికి అప్పటికి ఏడాది నిండలేదు. ఫలానా తారీకుకు సరుకు కలకత్తాలో దిగాలని ఓనరు మాట. రెండు రాత్రులు నిద్ర లేదు. ఇచ్ఛాపురం దాటి బరంపురం చేరకముందు, తెల్లవారుజామున మూడున్నరకు, ఈయనకు కళ్లు మూతపడ్డాయి. ఎంతసేపని ఆయన్ని నేను ఎప్పుడూ అడగలేదు. కళ్లు తెరిచేసరికి రోడ్డు పక్క చింతచెట్టు. ఆఖరి క్షణంలో స్టీరింగు కుడివైపుకు తిప్పారు. తనవైపు తప్పింది, ఎడమవైపు తగిలింది. ఎడమవైపు క్లీనరు పడుకుని ఉన్నాడు. పదిహేడేళ్ల పిల్లవాడు, మా పక్క ఊరివాడు. మోకాలి కింద కాలు తీసేశారు. మా వారికి గీత కూడా పడలేదు.

నాలుగు నెలలు ఆయన లారీ ముట్టుకోలేదు. తరువాత తప్పక ఎక్కారు. పిల్లలకు మాత్రం ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. ఆ రాత్రి టుకుంకారిలో ట్రక్కు మెట్టు మీద కూర్చుని, కొడుకు ముఖం చూడకుండా, ఛార్జింగు పెట్టె మీది పచ్చదీపం వైపు చూస్తూ చెప్పారు. "నేనూ కాఫీయే తాగాను. ఇచ్ఛాపురంలో రెండు గ్లాసులు."

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ఫోను తీసి దగ్గరలో బండ్లు నిలుపుకునే క్యాంపు ఎక్కడుందో వెదికాడు.

ఇక్కడ ఒక మాట. ఛార్జింగు పూర్తయ్యాక ఆ చోటు ఖాళీ చేయాలి, అక్కడే పడుకుంటామంటే కుదరదు, నిమిషానికింతని రుసుము కూడా పడవచ్చు. రోడ్డు పక్క విశ్రాంతి స్థలాల్లో రాష్ట్రానికొక నియమం. కొన్ని దుకాణాల ఆవరణల్లో మేనేజరును అడిగితే ఒప్పుకుంటారు. లోయ ఉన్న జాతీయ పార్కులోనైతే పార్కింగు స్థలంలో పడుకోనివ్వరు, క్యాంపులో చోటు తీసుకుని అక్కడే పడుకోవాలి. ఇల్లు వంటి పెద్ద బండ్ల కోసం కట్టిన క్యాంపులలో ప్రతి చోటుకూ ఒక కరెంటు ప్లగ్గు ఉంటుంది. ముందుగా అడిగి మా బండి దానికి తగిలించాము. గంటకు ఏడు యూనిట్ల చొప్పున నెమ్మదిగా ఎక్కుతుంది. మనం పది గంటలు పడుకుంటే 70 యూనిట్లు, 200 కిలోమీటర్లకు పైగా సరిపడే తిండి. నాకు ఆ ఏర్పాటు నచ్చింది. బండి తినే సమయమూ మనిషి పడుకునే సమయమూ ఒకటే అయింది.

తొట్టి మీద పైకప్పు బిగించి ఉంది. అడుగున పరుపు వేసి మేమిద్దరం పడుకున్నాము. మేము పొట్టివాళ్లం గనుక అయిదున్నర అడుగులు చాలింది. వాడు క్యాబిన్‌లో సీటు వాల్చుకున్నాడు. తొట్టిలోనే ఇంట్లో ఉన్నట్టు ప్లగ్గులున్నాయి. ఒకదానికి కుక్కరు తగిలించి అన్నం వండాను. అన్నం, ఆవకాయ, పెరుగు. ఇంకొకదానికి వేడి దుప్పటి. రాత్రంతా కాలినా దానికి ఒకటి రెండు యూనిట్లకు మించదు.

పడుకున్నాక మా వారు అన్న మాట, "చప్పుడు లేదు." నిజమే. పక్కన నిలిపిన పెద్ద లారీల ఇంజన్లు చలికి రాత్రంతా గుర్రుమంటూనే ఉన్నాయి. మా బండిలో వెచ్చదనం ఉంది గాని ఇంజను లేదు, పొగ లేదు.

ఆ పొగ సంగతి మన పాఠకులు కొంచెం శ్రద్ధగా గమనించాలి. పెట్రోలు, డీజిలు కార్లలో అద్దాలు మూసి, ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా నిద్రపోవడం చాలా ప్రమాదం. గొట్టం నుండి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గొట్టానికి చిల్లు పడినా, మట్టి అడ్డుపడినా, మూసిన షెడ్డులో బండి నిలిపినా అది లోపలికి చేరుతుంది. నిద్రలో ఉన్నవానికి తెలియదు, లేవడు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు వెళ్లి కార్లలో పడుకునే మన పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి. కరెంటు బండికి ఆ భయం లేదు. అయితే ఏ బండిలోనైనా బొగ్గుల కుంపటి, గ్యాసు పొయ్యి లోపల వెలిగిస్తే అదే ప్రమాదం. మేము కుక్కరు కూడా తొట్టి తలుపు దించి బయటనే పెట్టుకున్నాము.

రెండవ రోజు 800 కిలోమీటర్లు. ఆల్బకర్కీ, గాలప్, హోల్‌బ్రుక్, ఒకచోట ఎర్రరాతి కొండలు, ఒకచోట ఏమీ లేదు. మా అబ్బాయి ప్రతి ఛార్జింగుకూ కళ్లు మూసుకుని ఇరవై నిమిషాలు పడుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉన్నాము. అది సముద్రమట్టానికి 2,100 మీటర్ల ఎత్తు, పైన్ చెట్ల ఊరు. క్యాంపులో ప్లగ్గు దొరకలేదు. బయట నీళ్లు గడ్డకట్టే చలి. దుప్పట్లు, క్యాబిన్‌లో హీటరు రాత్రంతా నడిచాయి. తెల్లారి చూస్తే బ్యాటరీ నూటికి ఆరు వంతులు తగ్గింది, అంతే. మా వారు ఆ అంకెను రెండుసార్లు చదివించుకున్నారు.

మన లారీ డ్రైవర్లు ఇప్పటికీ ఎలా పడుకుంటున్నారో మీకు తెలుసు. 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే లారీల క్యాబిన్‌లలో ఏసీ ఉండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. మంచిదే. కాని ఆ ఏసీ ఇంజను నడిస్తేనే నడుస్తుంది. దాబా దగ్గర లారీ ఆపి పడుకున్న మనిషి డీజిలు కాల్చాలి, లేదా చెమటలో పడుకోవాలి. ఎవరి డబ్బు కాలుతుందో, ఎవరు చెమట పట్టి లేస్తారో నేను చెప్పనక్కరలేదు. కరెంటు లారీలకు 2025 జులై నుండి కేంద్రం బండికి 9 లక్షల 60 వేల దాకా రాయితీ ప్రకటించింది. అవి మన రోడ్ల మీదికి వచ్చేటప్పుడు ఓనర్లు డీజిలు ఖర్చు ఎంత మిగులుతుందని అడుగుతారు. డ్రైవరు పడుకునే బల్ల సంగతి కూడా ఎవరైనా అడిగితే బాగుండును.

మూడవ రోజు లోయ చూశాము. ఒక మైలు లోతు, 446 కిలోమీటర్ల పొడవు. దాని గురించి ఇంకెవరైనా వ్రాస్తారు.

ఆ రాత్రి పార్కు లోపలి క్యాంపులోనే పడక. ఎనిమిది గంటలకు, అంటే మనకు మరునాటి ఉదయం ఎనిమిదిన్నరకు, మా అబ్బాయి తండ్రి ఫోనులో ఒక నంబరు చూపించి, "చేయనా?" అని అడిగాడు. ఆ క్లీనరు పిల్లవాడికి ఇప్పుడు యాభై దాటాయి. చిలకలూరిపేట దారిలో పంక్చర్ల షాపు నడుపుకుంటున్నాడు. ప్రతి నెలా మా వారు వెళ్లి కాసేపు కూర్చుని వస్తారు. ఫోనులో బొమ్మ వచ్చింది. అతను షాపు తెరుస్తున్నాడు. మా అబ్బాయి అతనికి నమస్కారం పెట్టి, బండి చుట్టూ ఫోను తిప్పి, పరుపు, ప్లగ్గులు, కుక్కరు అన్నీ చూపించాడు.

"అన్నా, దోమలున్నాయా?" అన్నాడతను.

"లేవురా."

"డీజిలు కంపు?"

"అదీ లేదు."

"మరి నీకు నిద్రెట్టా పట్టిందన్నా?"