పాట మొదలైంది.. ఒక్క సెకనులో అయిపోయింది! గిన్నిస్‌కెక్కిన 'స్కమ్' ఆల్బమ్ కథ ఏంటంటే..

నల్లగండ్లలో బయల్దేరి, ట్రాఫిక్ దాటుకుని ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసుకు చేరేలోపు ఒక ఆల్బమ్ మొత్తం వినేయొచ్చు. అలాగని అందులో పాటలు తక్కువేం కాదు.. ఏకంగా 28! మొత్తం కలిపి దాదాపు 33 నిమిషాలే. బ్రిటన్‌కు చెందిన నేపామ్ డెత్ బ్యాండ్ 1987లో విడుదల చేసిన ఆ ఆల్బమ్ పేరు 'స్కమ్'. ఐటీ కారిడార్‌లో ఉద్యోగం చేసేవాళ్లు ఆగి చూడాల్సిన విషయం ఇంకోటి ఉంది. ఆల్బమ్‌లో మొట్టమొదటి పాట పేరే 'మల్టీనేషనల్ కార్పొరేషన్స్'.

రీల్ కన్నా చిన్న పాట

ఈ ఆల్బమ్‌లో 'యూ సఫర్' అనే పాట నిడివి 1.316 సెకన్లు. ప్రపంచంలోనే అతి చిన్న పాటగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. లిరిక్స్ మొత్తం నాలుగే పదాలు. మనుషులు బాధపడుతున్నారు సరే, ఎందుకు పడుతున్నారన్నదే అందులోని ప్రశ్న. చాలామంది దీన్ని జోక్ అనుకుంటారు. బ్యాండ్ కూడా కొంత సరదాగానే చేసింది. కానీ అడిగిన ప్రశ్న మాత్రం సరదాది కాదు.

అంత కోపం ఎందుకు?

దీనికి జవాబు బర్మింగ్‌హామ్‌లో ఉంది. కార్లు, ఇంజినీరింగ్ ఫ్యాక్టరీలకు పేరున్న నగరం అది. హెవీ మెటల్‌కు పునాది వేసిన బ్లాక్ సబ్బాత్ పుట్టింది కూడా అక్కడే. 1980ల్లో, మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్నప్పుడు, ఆ ప్రాంతంలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు పెద్ద ఎత్తున పోయాయి. కుర్రాళ్లకు పని దొరకని రోజులవి. ఆ సమయంలోనే, 1981లో, స్కూల్ వయసు పిల్లలు నేపామ్ డెత్‌ను మొదలుపెట్టారు.

మెటల్ అనగానే దెయ్యాలు, పుర్రెలు గుర్తొస్తాయి. వీళ్ల పాటల్లో కనిపించేది కంపెనీల లాభాపేక్ష, పేద దేశాల ఆకలి, అధికారం. ఆల్బమ్ కవర్ మీద పుర్రెలు ఉన్న మాట నిజమే. అయితే వాటితో పాటు సూట్లు వేసుకున్న పెద్దమనుషులు, వాళ్ల ముందు పేద కుటుంబం, పెద్ద కంపెనీల లోగోలు కూడా ఉంటాయి. ఆ బొమ్మ గీసింది కార్కస్ బ్యాండ్‌కు చెందిన జెఫ్ వాకర్.

ఆల్బమ్ ఒకటే.. టీమ్‌లు రెండు!

'స్కమ్' ఎల్పీలో ఒకవైపు వాయించిన టీమ్ వేరు, రెండోవైపు వాయించిన టీమ్ వేరు. మొదటి వైపు 1986 ఆగస్టులో రికార్డ్ చేశారు. దానికి అయిన ఖర్చు దాదాపు 50 పౌండ్లేనని చెబుతారు. ఆ తర్వాత సింగర్ నిక్ బుల్లెన్, గిటారిస్ట్ జస్టిన్ బ్రాడ్రిక్ బయటికి వెళ్లిపోయారు. 1987 మేలో రెండో వైపు రికార్డింగ్‌కు లీ డోరియన్, బిల్ స్టీర్, జిమ్ విట్లీ వచ్చారు. రెండు వైపులా ఉన్నది డ్రమ్మర్ మిక్ హ్యారిస్ ఒక్కడే. నాటింగ్‌హామ్‌కు చెందిన ఇయరేక్ రికార్డ్స్ రెండింటినీ కలిపి విడుదల చేసింది.

వెళ్లిపోయినవాళ్లు ఊరికే కూర్చోలేదు. బ్రాడ్రిక్ 'గాడ్‌ఫ్లెష్', డోరియన్ 'కెథీడ్రల్' బ్యాండ్లు పెట్టారు. స్టీర్ 'కార్కస్'లో కొనసాగాడు. మూడూ మెటల్‌లో పెద్ద పేర్లే.

ఇంతకీ ఆ డ్రమ్స్ స్పీడేంటి?

దాన్ని 'బ్లాస్ట్ బీట్' అంటారు. ఈ పేరు హ్యారిసే పెట్టాడని అంటారు. మన తీన్మార్‌లో దెబ్బకు దెబ్బకు మధ్య అడుగు వేయడానికి చోటు ఉంటుంది. బ్లాస్ట్ బీట్‌లో ఆ చోటు ఉండదు. రెండు చేతులు, కాలు కలిసి ఎంత వేగంగా కొట్టగలిగితే అంత వేగంగా కొట్టడమే. పంక్ స్పీడ్, మెటల్ బరువు కలిసిన ఈ స్టైల్‌కు 'గ్రైండ్‌కోర్' అని పేరు. బీబీసీ రేడియోలో జాన్ పీల్ ఈ పాటలు వేయడంతో, 1987లోనే బ్యాండ్‌ను తన షోలో రికార్డ్ చేయించడంతో బ్రిటన్ అంతా విన్నది.

ఎక్స్‌ట్రీమ్ మెటల్ మన దగ్గర కూడా ఉంది. హైదరాబాద్‌తో ముడిపడ్డ డెత్ మెటల్ బ్యాండ్ 'గాడ్‌లెస్' 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బమ్ తెచ్చింది.

తొలిసారి వినేవాళ్లకు

అరుపుల్లో మాటలు అర్థం కావు. అందుకే లిరిక్స్ ముందు పెట్టుకుని వినండి. వాల్యూమ్ తక్కువతో మొదలుపెట్టండి. మొదటి వైపు చివర్లో వచ్చే 'యూ సఫర్' దగ్గర మాత్రం ఫోన్ చూడొద్దు, మిస్సవుతారు. 'స్కమ్'లో వాయించినవాళ్లలో ఇప్పుడు బ్యాండ్‌లో ఎవరూ లేరు. అయినా నేపామ్ డెత్ నడుస్తూనే ఉంది, వాళ్ల పాటల్లో అవే ప్రశ్నలు వినిపిస్తూనే ఉన్నాయి.